పగ్గం ఎవరి చేతిలో ఉన్నది?



ఈ సాయంకాలం మీతో ముచ్చటింపదలచినది, కంప్యూటరు ఉన్నట్టుండి నెమ్మదించుటను గూర్చి. నెమ్మదించినదనగానే యంత్రం పాతబడినదనియో, వైరసు సోకినదనియో, అమ్మినవాడు మోసగించినాడనియో తలపోయుట లోకసహజం. కాని ఆ యంత్రానికి గుండెకాయ వంటి ప్రాసెసరుకు వేగం ఎల్లవేళల ఒక్కతీరుగా ఉండదనీ, పని పెరిగినప్పుడు పరుగెత్తి, పని తగ్గినప్పుడు మెల్లగా నడిచి, పని లేనప్పుడు కునుకు తీయునట్లు దానిని నడిపించే ఏర్పాటు ఒకటి లోపలనే ఉన్నదనీ, ఆ ఏర్పాటులో ఎక్కడో ఒక ముడి బిగుసుకొన్నందువల్లనే కొన్ని మంచి యంత్రాలు కూడ చతికిలబడుతున్నవనీ మనలో ఎందరో ఎరుగరు. ఆ ముడిని ఎట్లా వెదకవలె? అదే నేటి ప్రసంగం.

చెప్పదలచినది ఒక్కటే. మూడు ప్రశ్నలు వేసుకోండి. పని ఉన్నదా? ఆజ్ఞ ఏమిటి? అడ్డు ఏమిటి? పని, ఆజ్ఞ, అడ్డు. ఈ మూడు మాటలు జ్ఞాపకం ఉంచుకొంటే చాలు. మిగిలినదంతా కథగా చెబుతాను.

మొన్నటి వేసవి సెలవులలో మా మేనల్లుడు ప్రొద్దుటూరు నుండి కడపకు, మా ఇంటికి వచ్చినాడు. ఇంజనీరింగు చదువుతున్న పిల్లవాడు. చంకలో లాప్‌టాప్, ముఖంలో దిగులు. "మామా, దీనికేం రోగమో తెలీదు. నత్త మాదిరి పాకతాండాది. అమ్మేసి కొత్తది కొందామంటే నాయన ఒప్పుకోడు" అన్నాడు. "ఇంతవరకు ఏమేమి చేసినావురా అబ్బీ?" అని అడిగినాను. చేసిన చికిత్సలన్నీ ఏకరువు పెట్టినాడు. యంత్రాన్ని నడిపే లినక్స్‌ను చెరిపివేసి మళ్లీ కొత్తగా ఎక్కించినాడు. విద్యుత్తును పొదుపు చేసే ఉపకరణాలను ఒకటి చాలదని రెండు తెచ్చి పెట్టినాడు. స్నేహితుడెవరో చెప్పగా వేగపు ఆజ్ఞను 'పర్ఫార్మెన్స్' అనే దానికి మార్చినాడు. ఏదీ ఫలించలేదు. మూడున్నర గిగాహెర్ట్జ్ దాకా పోగల ప్రాసెసరు 800 మెగాహెర్ట్జ్ దగ్గర కూలబడి లేవకున్నది.

"రోగమేదో తెలియకముందే ఇన్ని మందులు మింగించినావు గదరా" అన్నాను. బండి నెమ్మదించినప్పుడు ఎద్దును కొట్టకముందు పగ్గం ఎవరి చేతిలో ఉన్నదో చూడవలె. చూచుట ముందు, మార్చుట తరువాత. ఈ మాటను కూడ జ్ఞాపకం ఉంచుకోండి.

ఇంతకూ ఈ గిగాహెర్ట్జ్ అనగా నేమి? మన సీమ పల్లెలలో చెక్కభజన చూచినవారికి దీనిని తెలుపుట సులభం. గురువు తాళం ఎత్తుకొనగానే చుట్టూ ఉన్నవారి అడుగులన్నీ ఆ తాళానికే పడుతవి. గురువు మొదట నిదానంగా ఎత్తుకొని, ఊపు వచ్చిన కొలదీ వేగం పెంచుతాడు. ప్రాసెసరులోను అట్టి తాళమే ఒకటి ఉన్నది. సెకనుకు ఒక దెబ్బ పడితే ఒక హెర్ట్జ్. సెకనుకు నూరు కోట్ల దెబ్బలు పడితే ఒక గిగాహెర్ట్జ్. మా మేనల్లుని యంత్రం సెకనుకు 350 కోట్ల దెబ్బలు వేయగలది. వేస్తున్నది మాత్రం 80 కోట్లు. అడుగు పడుతూనే ఉన్నది, ఆట కదలడం లేదు.

వేగంగా పోగలిగినప్పుడు ఎల్లప్పుడూ వేగంగానే పోరాదా అని మీరు అడుగవచ్చు. పోవచ్చును, కాని దానికి మూల్యం ఉన్నది. ప్రాసెసరు మ్రింగే విద్యుత్తు దాని వేగాన్ని బట్టియే కాక, దానికి అందించే వోల్టేజి వర్గాన్ని బట్టి కూడ పెరుగుతుంది. వర్గమనగా ఒక సంఖ్యను అదే సంఖ్యతో గుణించుట. వేగం తగ్గితే తక్కువ వోల్టేజి సరిపోతుంది. అందువల్ల లాభం రెండు విధాల కలుగుతుంది. ఒక లెక్క చెబుతాను, వినండి. వేగాన్ని సగానికి తగ్గించినామనుకొందాం. వోల్టేజిని నూటికి 80 పాళ్లకు తగ్గించినామనుకొందాం. ఎనభై పాళ్లలో ఎనభై పాళ్లు 64. అందులో సగం 32. అనగా వేగం సగమే తగ్గినది, ఆ మేరకు ఖర్చయ్యే విద్యుత్తు మాత్రం మూడవ వంతుకంటె తక్కువకు దిగినది. విద్యుత్తు తగ్గితే వేడిమి తగ్గును. బ్యాటరీ నిలుచును. ఇంటిలో ఇన్వర్టరు మరికొంతసేపు పనిచేయును. కరెంటు పోయినప్పుడెల్లా ఇన్వర్టరు వైపు చూచే మనబోటివారికి ఇది చిన్న లాభం కాదు.

అయితే ఎప్పుడు పరుగెత్తవలె, ఎప్పుడు నడవవలె అన్నది నిర్ణయించేది ఎవరు? దానిని లినక్స్‌లో గవర్నరు అంటారు. ఆ పేరు విని రాజభవనంలోని గవర్నరును తలచుకోకండి. మన బావుల మీద ఆయిలు ఇంజన్లు పెట్టి నీరు తోడిన పెద్దలకు ఈ పేరు సుపరిచితం. ఇంజనుకు భారం పెరిగి వేగం తగ్గబోతున్నప్పుడు నూనెను కాస్త ఎక్కువ వదలుటకు, భారం తగ్గి ఇంజను గింగిరాలెత్తబోతున్నప్పుడు నూనెను అదుపు చేయుటకు ఉన్న భాగానికి గవర్నరనియే పేరు. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి గిరగిర తిరిగే రెండు గుండ్లను అమర్చి చేసిన పని ఇదే. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలో టర్బైనులను అదుపులో ఉంచేది కూడ గవర్నరే. ఒక్క భేదం మాత్రం గమనించండి. ఇంజనులోని గవర్నరు వేగాన్ని నిలుపుటకు నూనెను మారుస్తుంది. ప్రాసెసరులోని గవర్నరు పనిని బట్టి వేగాన్నే మారుస్తుంది. రెండూ మెలగేది మాత్రం భారాన్ని బట్టియే.

వేగం తగ్గించుట ఒక పొదుపు. పూర్తిగా నిద్రపుచ్చుట మరొక పొదుపు. ఈ రెండూ వేరు వేరు. దీనికి బావి నుండి నీరు తోడే కపిల ఎద్దులే మంచి ఉపమానం. కపిల తోలే రైతు ఎద్దులను నిదానంగా నడిపించుట ఒకటి. కాడి దించి నీడకు కట్టుట మరొకటి. సాయంకాలం ఇంటికి తోలుకొనిపోయి కొట్టంలో కట్టుట ఇంకొకటి. విశ్రాంతి ఎంత గాఢమైనదో మళ్లీ కాడి కట్టుటకు అంత ఆలస్యం. ప్రాసెసరు నిద్రలోను ఇట్టి మెట్లున్నవి. పైపై కునుకు నుండి క్షణంలో లేస్తుంది. గాఢనిద్ర నుండి లేచుటకు ఇంకొంచెం కాలం పడుతుంది. ఆ కాలం మన కంటికి కనబడనంత చిన్నది గనుక సామాన్యులకు దానితో చిక్కు లేదు.

ఈ ఏర్పాట్ల చరిత్రను రెండు మాటలలో ముగిస్తాను. యంత్రానికీ దానిని నడిపే ఆపరేటింగ్ సిస్టముకూ నడుమ విద్యుత్ వ్యవహారం ఎట్లా సాగవలెనో తెలిపే ఏసీపీఐ అనే ఒడంబడికను ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు 1996లో ప్రకటించినవి. 2000 సంవత్సరంలో ఇంటెల్ వారి స్పీడ్‌స్టెప్ ప్రాసెసర్లు లాప్‌టాపులలోకి వచ్చినవి. 2003 డిసెంబరులో వెలువడిన లినక్స్ 2.6లో వేగాన్ని మార్చే యంత్రాంగం స్థిరపడినది. పనిని బట్టి వేగం పెంచే ఆన్‌డిమాండ్ అనే గవర్నరు ఆ మరుసటి సంవత్సరం దానిలో చేరినది. 2016లో షెడ్యుటిల్ అనే గవర్నరు వచ్చినది. ఆన్‌డిమాండ్ వ్రాసినవారిలో వెంకటేశ్ పల్లిపాడి అనే పేరు, నేటి ఇంటెల్ చోదకాన్ని చూచుకొనేవారిలో శ్రీనివాస్ పండ్రువాడ అనే పేరు లినక్స్ మూలంలోనే చదువవచ్చును. చోదకమనగా డ్రైవరు. ఎక్కడెక్కడి చేతులో ఈ పగ్గాన్ని పేనినవి.

ఇక మన మూడు ప్రశ్నలకు వస్తాను. మొదటిది, పని ఉన్నదా?

పని లేనప్పుడు వేగం తక్కువగా కనబడితే అది రోగం కాదు, ఆరోగ్యం. నీడన నెమరు వేస్తున్న ఎద్దును చూచి, ఇది దున్నుటకు పనికిరాదు అనే రైతు ఉండడు గదా. చాలామంది యువకులు యంత్రం తెరువగానే వేగపు అంకెను చూచి, అది 800 అని కనబడగానే హడలిపోతారు. ముందు దానికి పని ఇవ్వండి. ఒక పెద్ద వీడియోను మార్చమని చెప్పండి, లేదా ఒక పెద్ద దస్త్రాన్ని కుదించమని చెప్పండి. అప్పుడు అంకెను చూడండి. పని పడగానే అంకె ఎగబ్రాకితే ప్రాసెసరులో లోపం లేదు. అప్పుడు కూడ యంత్రం నెమ్మదిగానే ఉన్నదా? అట్లయితే నేరం మరొకచోట ఉన్నది. మెమరీ చాలకపోవచ్చు. పాత హార్డ్ డిస్కు అరిగిపోయి ఉండవచ్చు. బ్రౌజరులో నలభై పేజీలు తెరచి ఉంచి ఉండవచ్చు. కాడికి కట్టిన ఎద్దు బాగుగానే లాగుతున్నది, బండి ఇరుసే బిగుసుకొన్నది.

మా మేనల్లుని యంత్రానికి పని ఇచ్చి చూచినాము. ప్రాసెసరులోని పనివాళ్లనదగిన కోర్లన్నీ నూటికి నూరు పాళ్లు పనిలో మునిగినవి. అంకె మాత్రం 800 దాటలేదు. కావున మొదటి ప్రశ్నకు సమాధానం దొరికినది. పని ఉన్నది. వేగం లేదు.

రెండవ ప్రశ్న, ఆజ్ఞ ఏమిటి?

లినక్స్ వాడేవారికి సీపీయూపవర్ అనే ఉపకరణం ఉన్నది. దానిని అడిగితే నాలుగు సంగతులు చెబుతుంది. వేగాన్ని నడిపే చోదకం ఏది, గవర్నరు ఏది, కనిష్ఠ వేగం ఎంత, గరిష్ఠ వేగం ఎంత అన్నవి ఆ నాలుగు. వాటిని కాగితం మీద వ్రాసుకోండి. గరిష్ఠ వేగాన్ని ఎవరో ఎప్పుడో దించి మరచిపోయి ఉండవచ్చు. ఆ ఒక్క అంకెను సరిచేస్తే కథ అక్కడికి ముగుస్తుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది. శ్రద్ధగా వినండి. గవర్నరు స్థానంలో 'పవర్‌సేవ్' అని వ్రాసి ఉండుట చూచి, ఇదే దొంగ అని పట్టుకొనేవారు చాలామంది. మా మేనల్లుడు కూడ అట్లే పట్టుకొన్నాడు. పాత చోదకాలలో పవర్‌సేవ్ అనగా, పని ఎంత పడినను అడుగంటు వేగంలోనే ఉండుమని ఆజ్ఞ. కాని 2013 నుండి లినక్స్‌లో ఉన్న ఇంటెల్ పీ-స్టేట్ చోదకం తన సహజరీతిలో నడుస్తున్నప్పుడు, అదే పేరుకు అర్థం వేరు. అక్కడ పవర్‌సేవ్ పనిని బట్టి వేగాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది కూడ. పేరు పిసినారిది, నడత మాత్రం గృహస్థుది. పేరు చూచి తీర్పు చెప్పకండి. పని ఇచ్చి నడత చూడండి.

అంతేకాక, 2015 తరువాతి ఇంటెల్ ప్రాసెసర్లు పెక్కింటిలో వేగపు నిర్ణయాన్ని చాలవరకు ప్రాసెసరే స్వయంగా చేసుకొంటున్నది. మనం ఇచ్చేది ఆజ్ఞ కంటె అభిమతం వంటిది. వేగం ముఖ్యమా, పొదుపు ముఖ్యమా అని చెబుతాము. మిగిలినది అది చూచుకొంటుంది. అనుభవం గల పాలేరుకు ఏ చాలు ఎట్లా దున్నవలెనో గంటగంటకు చెప్పనక్కరలేదు గదా.

విండోస్ వాడే శ్రోతలకు ఈ చిక్కు మరొక రూపంలో ఎదురవుతుంది. పవర్ ఆప్షన్లలో ప్రాసెసరు గరిష్ఠ స్థితి అని ఒక అంకె ఉంటుంది. అది నూటికి నూరు ఉండవలె. దానిని 99 చేస్తే, పోయినది ఒక్క పాలే అని మనకు తోచును. కాని చాలా యంత్రాలలో ఆ ఒక్క పాలు తగ్గగానే టర్బో అనే అదనపు వేగం మొత్తం ఆగిపోతుంది. బ్యాటరీ సేవరు ఆన్‌లో ఉండిపోయినదేమో కూడ చూచుకోవలె.

ఆజ్ఞ విషయంలో ఇంకొక ప్రమాదం ఉన్నది. ఒకే ఇంటికి ఇద్దరు పెత్తందారులు. టీఎల్‌పీ అనే ఉపకరణం ఒకటి, పవర్ ప్రొఫైల్స్ డీమన్ అనే ఉపకరణం మరొకటి. రెండూ మంచివే. రెండూ ఒకే యంత్రంలో ఒకేసారి ఉండరాదు. ఒకటి పెంచినదానిని మరొకటి తగ్గిస్తుంది. మనం పెట్టిన ఆజ్ఞ తెల్లవారేసరికి మాయమవుతుంది. మా మేనల్లుని యంత్రంలో రెండూ కాపురమున్నవి. ఒకదానిని తీసివేసినాము. యంత్రం మళ్లీ మొదలుపెట్టినాము. గవర్నరు పర్ఫార్మెన్స్ అనియే ఉన్నది. గరిష్ఠ వేగం మూడున్నర అనియే ఉన్నది. ఆజ్ఞలో లోపం లేదు. అయినను అంకె 800 దాటలేదు.

పని ఉన్నది. ఆజ్ఞ సరిగానే ఉన్నది. ఇక మిగిలినది మూడవ ప్రశ్న. అడ్డు ఏమిటి?

శ్రోతలారా, తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర తల ఎత్తి కర్నూలు, నంద్యాల సీమల మీదుగా కడప దాకా సాగివచ్చే కె.సి. కాలువను మీరందరు ఎరుగుదురు. పందొమ్మిదవ శతాబ్దంలో ఒక ఆంగ్లేయ కంపెనీ నీటి పారుదలకూ పడవల రాకపోకలకూ కలిపి త్రవ్వించగా, 1882లో ప్రభుత్వం స్వాధీనపరచుకొన్న కాలువ అది. ఆ కాలువ చివరి ఆయకట్టులోని రైతు తన తూము తలుపును నిలువునా ఎత్తి, కాలువను చూచుకొనే లస్కరును పిలిచి, నీరు వదలుమని ఎంత బతిమాలినను, పైన సుంకేసుల దగ్గర గేట్లు దించి ఉంటే అతని మడికి చుక్క నీరు రాదు. తప్పు తూముది కాదు. లస్కరుది కాదు. అడ్డు పైన ఉన్నది. ప్రాసెసరులో గవర్నరు కూడ ఇట్టి లస్కరే. ఆపరేటింగ్ సిస్టముకు పైన మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేరు అనే అధికారి ఒకడు, వేడిమి అనే అధికారి మరొకడు ఉన్నారు. వారు గేటు దించితే గవర్నరు మాట చెల్లదు.

ముందు వేడిమిని గూర్చి. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు నూరు డిగ్రీల సెల్సియస్ దాపుకు చేరగానే తమను తాము కాపాడుకొనుటకు వేగం తగ్గించుకొంటవి. ఇప్పుడు మన ఎండలను లెక్కలోకి తీసుకోండి. గాలితో చల్లార్చే ఏ యంత్రమైనను గదిలోని గాలికంటె చల్లగా ఉండజాలదు. పనిలో మునిగిన ప్రాసెసరు గదికంటె 55 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుననుకొందాం. గది 25 డిగ్రీలుంటే అది 80. ఇబ్బంది లేదు. అదే యంత్రాన్ని మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల గదిలో పెడితే 97. గేటు దిగుటకు ఇంక మూడు డిగ్రీలే మిగిలినవి. చల్లని ఊళ్లలో చురుకుగా పనిచేసిన యంత్రం కర్నూలుకు రాగానే మందగించుటలో వింత లేదు.

బేతంచెర్లలో రాళ్లకు పాలీషు పెట్టే ఒక చోట లెక్కలు వ్రాసే కంప్యూటరును చూడుమని ఒకసారి నన్ను పిలిచినారు. ఉదయం చక్కగా పనిచేస్తుందట. పన్నెండు దాటగానే మొండికేస్తుందట. ఆ ఒక్క మాటతోనే సగం రోగం తెలిసినది. మూత విప్పి చూస్తే ఫ్యాను రెక్కల నడుమ రాతిపిండి అట్టకట్టి, రొట్టె వలె ఊడివచ్చినది. దానిని దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టు తీసి కొత్తది రాసి, పెట్టెను గోడకు రెండు జానల ఎడంగా జరిపించినాను. ఒక్క ఆజ్ఞను కూడ మార్చలేదు. మధ్యాహ్నపు మొండితనం పోయినది. కావున గుర్తుంచుకోండి: ఉదయం బాగుండి మధ్యాహ్నం మందగిస్తే వేడిమిని అనుమానించండి. మొదటి ఐదు నిమిషాలు బాగుండి తరువాత మందగించినను వేడిమినే అనుమానించండి. లాప్‌టాపును బొంత మీద, దిండు మీద పెట్టి పనిచేయకండి. చాలావాటి ఊపిరి అడుగు నుండే.

మా మేనల్లుని యంత్రంలో వేడిమి చూచినాము. యాభై డిగ్రీలకు కాస్త పైన. అది జ్వరం కాదు. పైగా యంత్రం తెరచిన మొదటి క్షణం నుండే నెమ్మది. ఉదయమూ నెమ్మదే, రాత్రియూ నెమ్మదే. అందుచేత వేడిమి నిర్దోషి.

మిగిలినది ఒక్కటే అడ్డు. కరెంటు.

"చార్జరు ఎక్కడిదిరా అబ్బీ?" అని అడిగినాను. వాడు తల గోక్కొన్నాడు. "అసలుది ఇంట్లో మరిచిపోయినా మామా. హాస్టల్‌కు పోయేటప్పుడు బజార్లో ఒకటి కొన్యా. పిన్ను సరిపోయింది, చార్జింగు కూడా ఎక్కుతాండాది" అన్నాడు. అదే ముడి. లాప్‌టాపులు పెక్కు తమకు తగిలించిన చార్జరు ఎన్ని వాట్లు ఇవ్వగలదో తెలుసుకొనుటకు ప్రయత్నిస్తవి. చార్జరు తన శక్తిని తెలుపలేకపోతే, లేదా చాలినంత శక్తి లేనిదని తేలితే, ఫర్మ్‌వేరు అనుమానించి, ప్రాసెసరును అడుగంటు వేగంలో కట్టివేసే యంత్రాలు కలవు. బ్యాటరీ పూర్తిగా చెడినప్పుడు కూడ కొన్ని యంత్రాలలో ఇట్లే జరుగుతుంది. చార్జింగు దీపం వెలుగుతూనే ఉంటుంది. బ్యాటరీ నిండుతూనే ఉంటుంది. వేగం మాత్రం రాదు. ఊరికి కొత్తగా వచ్చిన అప్పులవానికి కోమటి పావుశేరు బియ్యమే కొలిచి ఇచ్చినట్లు, తెలియని చార్జరును నమ్మి యంత్రం పూర్తి వేగం ఇవ్వదు.

మరునాడు ప్రొద్దుటూరు బస్సులో వచ్చిన బంధువుల చేత అసలు చార్జరు తెప్పించినాము. యంత్రాన్ని ఆపి, బజారు చార్జరు తీసివేసి, పవరు మీట కొంతసేపు అదిమి పట్టి, అసలుదానిని తగిలించి తెరచినాము. పని ఇచ్చినాము. అంకె 800 నుండి ఎగిరి మూడు గిగాహెర్ట్జ్ దాటినది. వాడు నోరు తెరచినాడు. నెలరోజులు వాడు మార్చినవన్నీ తూము దగ్గరి మార్పులు. గేటు దిగినది సుంకేసుల దగ్గర.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. వేడిమికీ కరెంటుకూ సంబంధించిన ఈ అడ్డులను బలవంతంగా తీసివేసే కిటుకులు ప్రచారంలో ఉన్నవి. దయచేసి వాటి జోలికి పోకండి. ఆ అడ్డు శత్రువు కాదు, కావలివాడు. దొంగ వచ్చినాడని మొరిగిన కుక్క నోరు కట్టి నిద్రపోయిన గృహస్థుకు తెల్లవారిన తరువాత మిగిలేది పశ్చాత్తాపమే. వేడిమి చేత వేగం తగ్గితే వేడిమిని తగ్గించండి. చార్జరు చేత తగ్గితే చార్జరును మార్చండి. కావలివానిని చంపకండి.

అట్లే, ఎల్లవేళల పర్ఫార్మెన్స్ అనే ఆజ్ఞలోనే ఉంచుట మంచిదని అనుకొనుట కూడ పొరపాటు. మామూలు ఇంటిపనికి, చదువుకు, ఉత్తరప్రత్యుత్తరాలకు, యంత్రంతో వచ్చిన మధ్యేమార్గమే చాలును. ఎడతెగని పెద్ద లెక్కలు చేసేవారికి పూర్తి వేగం అవసరం కావచ్చు. కరెంటు పోయి ఇన్వర్టరు మీద బ్రతుకుతున్న రెండు గంటలలో పొదుపే మేలు. కాలాన్ని బట్టి నడిచేదే సంసారం.

కాలం ముగియవస్తున్నది గనుక సారాంశం మరొకసారి చెబుతాను. యంత్రం నెమ్మదించినప్పుడు మొదట అడగండి: పని ఉన్నదా? పని లేనప్పటి తక్కువ వేగం రోగం కాదు. పని ఇచ్చి చూడండి. తరువాత అడగండి: ఆజ్ఞ ఏమిటి? గవర్నరు ఏది, గరిష్ఠ వేగం ఎంత, పెత్తందారులు ఒకరా ఇద్దరా, ఇవి వ్రాసుకోండి. కడపట అడగండి: అడ్డు ఏమిటి? వేడిమియా, చార్జరా, బ్యాటరీయా? ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిసారి మళ్లీ పని ఇచ్చి చూడండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది ఫలించినదో మీకే తెలియదు. పని, ఆజ్ఞ, అడ్డు. చూచుట ముందు, మార్చుట తరువాత.

మా మేనల్లుడు ఊరికి తిరిగిపోవునప్పుడు మా ఇంటావిడ నడిగి ఒక ఎర్రదారం ముక్క తీసుకొన్నాడు. అసలు చార్జరు తీగకు దానిని ముడివేసుకొన్నాడు, హాస్టల్‌లో పదిమంది చార్జర్ల నడుమ కలిసిపోకుండ. మీ ఇంటిలో లాప్‌టాపు ఉన్నట్లయితే ఈ రాత్రి నిద్రపోకముందు దాని చార్జరును ఒకసారి చేతిలోకి తీసుకొని, దాని మీద వ్రాసిన వాట్ల అంకె మీ యంత్రం కోరే అంకెకు తగినదేనా అని చూచి, మీరు కూడ ఒక ఎర్రదారం కట్టండి.